కిటికీకి ఎన్ని అడుగుల దూరం?

నర్సరీలో ‘ఇండోర్ ప్లాంట్’ అని చెప్పి అమ్ముతారు గానీ, ఇంటి లోపల పుట్టిన మొక్క లోకంలో ఒక్కటీ లేదు. మన ఇళ్ళలో సీసాల నుంచి వేలాడే మనీప్లాంట్ స్వస్థలం పసిఫిక్ మహాసముద్రంలో తహితి పక్కనున్న మోరియా దీవి. స్నేక్ ప్లాంట్ పశ్చిమ ఆఫ్రికాది, జెడ్‌జెడ్ ప్లాంట్ తూర్పు ఆఫ్రికాది, అరెకా పామ్ మడగాస్కర్‌ది, మాన్‌స్టెరా మెక్సికో నుంచి పనామా దాకా ఉన్న వాన అడవులది. రబ్బరు మొక్క మాత్రం మనకు కాస్త దగ్గరి చుట్టం. మేఘాలయలో వాగుల మీద బతికున్న వేళ్ళతో అల్లిన వంతెనలు దానివే. వీటిలో చాలావాటికి పెద్ద చెట్ల కింద, నేరుగా ఎండ తగలని చోట బతకడం వచ్చు. ఆ చెట్టు నీడా, మన హాల్లో టీవీ పక్కనుండే మూలా ఒకటేనని అనుకోవడంతోనే కష్టాలు మొదలవుతాయి.

ఈ విషయం మీద సలహాలకు లోటు లేదు. అయితే అందులో చాలా భాగం చలిదేశాల్లో పుట్టింది. లండన్ వైద్యుడు నథానియెల్ వార్డ్ 1829లో మూసి ఉంచిన సీసాలో ఫెర్న్ మొలవడం చూసి గాజుపెట్టెలు చేయించాడు. 1833లో ఆ పెట్టెల్లో మొక్కలు సముద్రం మీద సిడ్నీ దాకా ప్రాణంతో వెళ్ళాయి. అక్కణ్ణుంచి ఉష్ణమండలపు మొక్క ఐరోపా గదుల్లోకి చేరింది. ఆ గదుల్లో దాని శత్రువులు మంచు, హీటరు వేసిన పొడిగాలి, నాలుగింటికే పొద్దుగూకే చలికాలం. అందుకే వాళ్ళ పుస్తకాలు దక్షిణపు కిటికీలో పెట్టమంటాయి, ఆకుల మీద రోజూ నీళ్ళు చిలకరించమంటాయి, చలికాలంలో నీళ్ళు తగ్గించమంటాయి. విజయవాడలోనో వరంగల్‌లోనో రెండు బెడ్‌రూముల ఫ్లాటులో ఉండే మొక్క శత్రువులు వేరు: పడమటి కిటికీలో మే నెల ఎండ, పక్క అపార్ట్‌మెంటు గోడ, బోరు నీళ్ళు, ఏసీ. ఎక్కడివో చెప్పకుండా కలిపి వడ్డిస్తున్న ఈ సలహాల్లో మన దగ్గర ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో చూడాలి.

ముందు వెలుతురు సంగతి. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన అది ఒకటి రెండు వేలకు దిగుతుంది, గది మధ్యలో కొన్ని వందలు. సోఫా వెనక మూలలో యాభయ్యో వందో మిగులుతుంది. మన కన్ను ఈ తేడాను పసిగట్టలేదు. కంటిపాప పెద్దదవుతుంది, చూపు సర్దుకుంటుంది, గది బాగానే వెలుగుగా ఉందనిపిస్తుంది. ఆకుకు అలా సర్దుకునే వీలు లేదు. అది పగలు తయారుచేసుకున్న పిండిపదార్థంలో కొంత తన శ్వాసకే ఖర్చవుతుంది. రాబడి ఆ ఖర్చుకు మించనంత కాలం మొక్క నిల్వలు తింటూ ఉంటుంది. స్నేక్ ప్లాంటుకు దళసరి ఆకుల్లో, జెడ్‌జెడ్ ప్లాంటుకు మట్టిలోని దుంపల్లో నిల్వలు ఎక్కువ. అందుకే అవి చీకటి మూలలో నెలల తరబడి పచ్చగానే కనిపిస్తాయి. వాటిని ‘వెలుతురు అక్కర్లేని మొక్కలు’గా అమ్మడం నాకు నచ్చదు. అవి ఆకలికి ఎక్కువ కాలం తట్టుకుంటాయి, అంతే. ఏడాదిలో ఒక్క కొత్త ఆకు కూడా రాకపోతే ఆ మొక్క అక్కడ పెరుగుతున్నట్టు కాదు.

వెలుతురు కొలవడానికి పరికరాలు కొననక్కర్లేదు. ఫోనులో లక్స్ చూపే యాప్‌లు ఉన్నాయి, అంకె కాస్త అటూఇటూ అయినా ఈ మూలకూ ఆ మూలకూ ఉన్న తేడా తెలిసిపోతుంది. అదీ వద్దనుకుంటే పగలు మొక్క పెట్టదలచిన చోట తెల్లకాగితం పరిచి, జానెడు ఎత్తున చెయ్యి పెట్టి చూడండి. నీడ అంచులు స్పష్టంగా ఉంటే చాలా మొక్కలకు చాలు. మసకగా ఏదో ఉందనిపిస్తే మనీప్లాంట్, పచ్చటి అగ్లోనిమా, స్నేక్ ప్లాంట్ లాంటివి నెట్టుకొస్తాయి. నీడే కనపడకపోతే అక్కడ బొమ్మ పెట్టుకోవచ్చు. కిటికీకి రెండడుగుల దూరానికీ ఏడడుగుల దూరానికీ ఉన్న తేడా, ఈ జాతికీ ఆ జాతికీ ఉన్న తేడాకన్నా పెద్దది. దోమల జాలీ, గ్రిల్లు, రంగుటద్దం, కర్టెను ఒక్కొక్కటీ తన వాటా తను కోసుకుంటాయి.

దిక్కుల విషయంలో బయటి పుస్తకాలు మనల్ని నిజంగానే తప్పుదారి పట్టిస్తాయి. ఉత్తరపు కిటికీకి ఎండే రాదని అవి రాస్తాయి. లండన్‌కు దాదాపు అంతే. హైదరాబాదు ఉన్నది భూమధ్యరేఖకు 17 డిగ్రీల ఉత్తరాన. ఇక్కడ మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నిలువు నీడ మాయమవుతుంది. ఆ రెండు తేదీల మధ్య సూర్యుడు మిట్టమధ్యాహ్నం కూడా మనకు ఉత్తరాన్నే ఉంటాడు. అంటే ఆ మూడు నెలలూ పొద్దునా సాయంత్రం ఎండ తగిలేది ఉత్తరపు కిటికీకే, దక్షిణపు కిటికీకి కాదు. డిసెంబరు వచ్చేసరికి తిరగబడుతుంది. సూర్యుడు దక్షిణానికి బాగా వాలి, దక్షిణపు కిటికీలోంచి ఎండ గది మధ్యదాకా వస్తుంది. కాబట్టి మన ఇళ్ళలో మొక్కకు ఏడాదంతా ఒకే చోటు ఖాయం చేయడం కుదరదు. తూర్పు కిటికీ అన్ని కాలాల్లోనూ మంచిది. పడమటి కిటికీలో మార్చి నుంచి జూన్ మొదటి వానల దాకా కాలతియా, ఫెర్న్, పీస్ లిల్లీ లాంటివాటిని ఉంచకూడదు. అద్దానికి ఆకు తగిలి ఉంటే ఒక్క మధ్యాహ్నం చాలు, గోధుమరంగు మచ్చ పడుతుంది, ఆ మచ్చ మళ్ళీ పచ్చబడదు.

కొన్న నెలలోపే ఆకులు రాల్చే మొక్కల కథ కూడా వెలుతురు కథే. మన ఊళ్ళలో అమ్మే మొక్కల్లో పెద్ద వాటా రాజమహేంద్రవరం దగ్గర కడియం, కడియపులంక నర్సరీల నుంచి వస్తుంది. ఆకుమొక్కలను అక్కడ షేడ్‌నెట్ కింద పెంచుతారు. నెట్ కింద ఉన్నా అక్కడి వెలుతురు మన హాలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ వెలుతురుకు తగ్గట్టు తయారైన ఆకులు ఒక్కసారిగా ఫ్లాటులోకి వస్తే మొక్క వాటిని పోషించలేక వదిలేస్తుంది. ఫైకస్ బెంజమినా ఇందులో పేరుమోసింది, చోటు మారిస్తే చాలు ఆకులు రాలుస్తుంది. దీన్ని రోగమనుకుని ఎరువులు వేస్తారు, కుండీ మారుస్తారు. దాంతో నిజంగానే రోగం వస్తుంది. తెచ్చిన మొక్కను రెండు మూడు వారాలు బాల్కనీ నీడలో ఉంచి, తర్వాత కిటికీ దగ్గరికి, ఆ తర్వాత లోపలికి జరపడమే దీనికి మందు.

మనీప్లాంట్ దొంగిలించి తెచ్చుకుంటేనే కలిసొస్తుందంటారు. దొంగిలించేది ఎలాగూ కొమ్మనే. ఆ కొమ్మ మన ఇంట్లోనే వేరు తొడుగుతుంది, వేసే ప్రతి ఆకునూ మన గది వెలుతురుకు తగ్గట్టే వేస్తుంది. అందుకే కొనుక్కొచ్చిన నిండు కుండీకన్నా గట్టిగా నిలుస్తుంది. అడిగి తెచ్చుకున్న కొమ్మకైనా ఇదే వర్తిస్తుందనుకోండి.

ఇక నీళ్ళు. ఇండోర్ మొక్కలు నీళ్ళు లేక చచ్చేదానికన్నా ఎక్కువై చచ్చేదే అధికం, ఇందులో తెలిసినవాళ్ళెవరికీ భేదాభిప్రాయం లేదు. వేళ్ళకూ ఊపిరి కావాలి. మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ రోజుల తరబడి నీటితో నిండి ఉంటే ఆక్సిజన్ అందక వేరు చచ్చిపోతుంది, కుళ్ళు తెగుళ్ళు వచ్చి చేరతాయి. వేరు పోయిన మొక్క నీరు పీల్చలేదు, కాబట్టి ఆకు వాడుతుంది. వాడిన ఆకు చూసి మనం ఇంకో చెంబుడు పోస్తాం. మట్టి తడిగా ఉండగానే ఆకు వాడిందంటే నీళ్ళు ఆపాలని తెలుసుకుంటే సగం మొక్కలు బతుకుతాయి.

‘వారానికి రెండుసార్లు’ లాంటి లెక్కలు పనికిరావు. మొక్క తాగే నీరు అది అందుకునే వెలుతురును బట్టి ఉంటుంది. అదే మొక్క తూర్పు కిటికీలో తాగినంత నీరు సోఫా మూలలో తాగదు. ఆగస్టు ముసురులో విశాఖపట్నంలో కుండీ ఆరడానికి పట్టే కాలం, ఏప్రిల్‌లో కర్నూలులో పట్టే కాలానికి కొన్ని రెట్లు. వేలిని రెండు కణుపుల లోతు దాకా మట్టిలో పెట్టి చూడటం పాత పద్ధతే, దానికి మించినది రాలేదు. పెద్ద కుండీలో వేలు అందదు గనక వెదురుపుల్ల గుచ్చి కాసేపాగి తీసి చూడాలి. చిన్న కుండీనైతే ఎత్తి చూస్తే బరువు తెలిసిపోతుంది. పోసేటప్పుడు మాత్రం అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయాలి. రోజూ టీ గ్లాసుడు పొయ్యడం వల్ల పైమట్టి బురదగా, అడుగు వేళ్ళు ఎండుగా ఉండిపోతాయి, లవణాలు కొట్టుకుపోక పేరుకుంటాయి. పీస్ లిల్లీ, అగ్లోనిమా పైమట్టి ఆరగానే అడుగుతాయి. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ మట్టి అడుగుదాకా ఆరినా తొందరపడవు. స్నేక్ ప్లాంటుకు దగ్గరి బంధువు మన తూర్పు కనుమల్లోనే ఉంది, చాగ. దాని నారతో తాళ్ళు పేనేవారు. సామర్లకోటలో పద్దెనిమిదో శతాబ్దంలో తోట పెంచిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ పేరే దాని శాస్త్రీయనామంలో ఉంది. మెట్టనేలల్లో నీళ్ళడగకుండా బతికే కుటుంబమిది, దీన్ని చంపాలంటే బిందెతోనే సాధ్యం.

కుండీ అడుగున గులకరాళ్ళు వేస్తే నీరు దిగిపోతుందనే నమ్మకం ఎంత వ్యాపించిందో అంత తప్పు. సన్నటి మట్టిలోని నీరు, కింద ముతక పొర తగలగానే అందులోకి దిగదు. పైమట్టి పూర్తిగా తడిసి బరువెక్కేదాకా అక్కడే పట్టుకుని ఉంటుంది. అంటే రాళ్ళు వేసినప్పుడు తడిపొర అడుగున ఉండే బదులు రాళ్ళ మందాన పైకి, వేళ్ళ దగ్గరికి జరుగుతుంది. కావలసినది రంధ్రం, దాని మీద ఒక పెంకుముక్క, మొత్తం ఒకేలా గుల్లగా ఉన్న మట్టి. రంధ్రం లేని పింగాణీ కుండీ అందంగా ఉంటుంది, దాన్ని పైతొడుగుగానే వాడుకోవాలి. మట్టి సంగతికొస్తే నల్లరేగడి కుండీకి పనికిరాదు, తడిస్తే బంక, ఎండితే బీట. ఎర్రమట్టి, ముతక ఇసుక, వర్మీకంపోస్టు, కోకోపీట్ కలిపిన మిశ్రమం చాలా మొక్కలకు సరిపోతుంది. కాస్త బొగ్గుముక్కలో, ఊకో కలిపితే గుల్లదనం నిలుస్తుంది. కోకోపీట్‌తో రెండు పేచీలు ఉన్నాయి. సముద్రతీరపు కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది గనక నీళ్ళలో నానబెట్టి రెండు మూడుసార్లు కడగాలి. పైన ఎండినట్టు కనిపిస్తూ లోపల తడి దాచుకుంటుంది, కాబట్టి దాని రంగును నమ్మి నీళ్ళు పోయకూడదు. కుండీ మార్చడానికి మన దగ్గర మంచి రోజులు జూన్ చివర నుంచి ఆగస్టు దాకా.

నీటి నాణ్యత గురించి మన వ్యాసాల్లో కావలసినంత చర్చ లేదు. డ్రసీనా, స్పైడర్ ప్లాంట్, ‘లక్కీ బాంబూ’ పేరుతో అమ్మే మరో డ్రసీనా ఆకుల కొసలు మాడిపోతే చాలామంది తేమ తక్కువైందనుకుంటారు. ఈ మొక్కలకు ఫ్లోరైడు గిట్టదు. వేరు పీల్చిన ఫ్లోరైడు నీటితోపాటు ఆకు కొసకు చేరి, నీరు ఆవిరైపోయాక అక్కడే పేరుకుని కణాలను చంపుతుంది. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దాకా మనిషికి అనుమతి ఉంది, డ్రసీనాకు అంతకన్నా తక్కువే ఎక్కువ. నల్లగొండ భూగర్భజలాల్లో ఫ్లోరైడు మనుషుల ఎముకలనే వంచిన సంగతి తెలిసిందే, ఆ బోరునీళ్ళు పోసే ఇంట్లో డ్రసీనా కొస పచ్చగా ఉండటం కష్టం. రాత్రంతా బకెట్‌లో ఉంచితే క్లోరిన్ పోతుంది గానీ ఫ్లోరైడు పోదు. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్ళను వృథా చేయకూడదని మొక్కలకు పోస్తున్నారు. ఉద్దేశం మంచిదే, కానీ వడపోసి తీసేసిన లవణాలన్నీ చిక్కగా చేరేది ఆ నీటిలోనే. దాంతో నేల కడగండి. మొక్కకు ఏసీ గొట్టంలోంచి కారే నీళ్ళు పట్టండి, వాటిలో లవణాలు దాదాపు ఉండవు. వాననీటికి మించినది లేదు. సూపర్ ఫాస్ఫేట్‌లోనూ ఫ్లోరైడు ఉంటుంది కాబట్టి ఈ మొక్కలకు ఆ ఎరువు వద్దు.

గాలిలో తేమ గురించి చేసే హడావుడి మన కోస్తా ఊళ్ళకు అనవసరం. రాయలసీమలో, తెలంగాణలో ఏప్రిల్, మే మధ్యాహ్నాలకూ, ఏసీ ఆగని గదులకూ మాత్రం ఆ చింత ఉండాల్సిందే. ఆకుల మీద నీళ్ళు చిలకరిస్తే తేమ పెరిగేది కొద్ది నిమిషాలే. వానాకాలంలో అదే పనిచేస్తే ఆకుమచ్చ తెగుళ్ళను పిలిచినట్టు. మొక్కలను గుంపుగా పెట్టడం, ఏసీ గాలి నేరుగా తగలకుండా జరపడం మేలు. తడిగుడ్డతో ఆకుల దుమ్ము తుడవడం అంతకన్నా మేలు. మన వీధుల దుమ్ముకు, ఉన్న కాస్త వెలుతురూ ఆకుదాకా చేరదు.

గాలిని శుద్ధి చేస్తాయనే ప్రచారం మీద మొక్కలు బాగా అమ్ముడుపోతున్నాయి. దీనికి మూలం 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం వోల్వర్టన్ బృందం చేసిన ప్రయోగం. చిన్న మూసిన పెట్టెల్లో మొక్కలు పెట్టి, బెంజీన్ లాంటి వాయువులు వదిలి, అవి తగ్గడం చూశారు. అది అబద్ధం కాదు. కానీ మన ఇల్లు మూసిన పెట్టె కాదు, తలుపు సందుల్లోంచి కూడా గాలి మారుతూ ఉంటుంది. 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కమింగ్స్, వేరింగ్ అప్పటిదాకా జరిగిన 12 అధ్యయనాల్లోని 196 ప్రయోగాలను మళ్ళీ లెక్కగట్టారు. మామూలుగా గాలి మారడం వల్ల జరిగే శుద్ధికి సాటి రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 దాకా మొక్కలు కావాలని తేలింది. పడగ్గదిలో స్నేక్ ప్లాంట్ రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుందన్నదీ ఇలాంటిదే. అది రాత్రి పూట పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడును పీల్చి దాచుకునే మాట నిజం. ఆక్సిజన్ తయారయ్యేది మాత్రం వెలుతురులోనే. మొక్కను చూస్తే మనసుకు బాగుంటుందనేది చాలదా, ఈ వైద్యమంతా దానికి అంటగట్టాలా?

పురుగుల్లో ఇంటి లోపల ఎక్కువగా వేధించేవి పిండినల్లి, ఎర్రనల్లి, పొలుసు పురుగు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి రెండు చుక్కల సబ్బునీరు చేర్చి ఆకుల అడుగుభాగం తడిసేలా వారానికోసారి సాయంత్రం కొడితే చాలామటుకు అదుపులోకి వస్తాయి. కొత్త మొక్కను రెండు వారాలు విడిగా ఉంచడం అంతకన్నా చవక. బియ్యం కడిగిన నీళ్ళు, టీ పిప్పి పెరటి చెట్లకు పోయండి. గది కుండీలో అవి పులిసి చిన్న ఈగలను రప్పిస్తాయి. ఎరువు, కొత్త ఆకు వేస్తున్న మొక్కకే, పొట్లం మీద రాసినదానిలో సగం చాలు.

దోమల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దశకు రావడానికి వారం పది రోజులు సరిపోతాయి. కుండీ కింద సాసరు, మనీప్లాంట్ సీసా, లక్కీ బాంబూ గిన్నె దానికి ఇష్టమైన చోట్లు. నీరు పారబోస్తే సరిపోదు. గుడ్లు పాత్ర గోడకు అంటుకుని ఎండినా నెలల తరబడి బతుకుతాయి. వారానికోసారి ఆ పాత్రలను తోమాలి. పిల్లలు పాకే ఇంట్లో డిఫెన్‌బాకియాను అందని ఎత్తులో ఉంచాలి. దాని ఆకు కొరికితే సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు నోటిని, గొంతును వాచేలా చేస్తాయి. మనీప్లాంట్‌లోనూ, పీస్ లిల్లీలోనూ ఆ స్ఫటికాలే ఉన్నాయి.

ఇంతకీ ఏ మొక్క కొనాలి? కిటికీ నుంచి మూడడుగుల లోపు చోటుంటే రబ్బరు మొక్క, మాన్‌స్టెరా, అరెకా, ఎర్ర అగ్లోనిమా ఏదైనా తెచ్చుకోవచ్చు. మనీప్లాంటును వేలాడదీయకుండా కొబ్బరిపీచు చుట్టిన కర్రకు ఎక్కిస్తే ఆకు సైజు పెరుగుతుంది. పెరట్లో చెట్టుకు పాకిన అదే తీగకు అడుగుకు మించిన ఆకులు వస్తాయి. ఆరేడు అడుగుల దూరమైతే స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్, పచ్చాకు మనీప్లాంట్ చాలు. తులసి, క్రోటన్లు, పూలమొక్కలు లోపల పెట్టి ఉసురు పోసుకోవద్దు. అసలు వెలుతురే లేని గదైతే మొక్కకు అడుగు ఎత్తున ఒక తెల్ల ఎల్‌ఈడీ ట్యూబు కట్టి రోజుకు పది పన్నెండు గంటలు వెలిగించాలి. రంగురంగుల ఖరీదైన ‘గ్రో లైట్’ తప్పనిసరి కాదు. అదీ కుదరకపోతే ఆ గదికి మొక్క కొనకండి. ఆ డబ్బుతో బాల్కనీ నీడలో ఒక తమలపాకు తీగ పెట్టుకోండి. నీడా తడీ కోరే తీగ, ఇంటికి ఆకులూ ఇస్తుంది.